"నా యెదుట"

నోటరీముద్ర యెంత పెద్దదో చదువరులలో ననేకులు కొలిచి చూచియుండరు. అది గుండ్రముగ, నిరాడంబరముగ, 5 సెంటీమీటర్ల వ్యాసము గలిగి యుండవలెనని 1956 నాటి నోటరీల నిబంధనలే విధించినవి. ఆ ముద్రకు గల విలువ యంతయు దానిప్రక్కన వ్రాయబడు రెండు మాటలవలన వచ్చినది: "నా యెదుట". ఫలానావాడు నా యెదుట సంతకము చేసెను, నా యెదుట ప్రమాణము చేసెను, అని న్యాయవాది యొకడు చెప్పుచున్నాడు గనుకనే బ్యాంకువారును, కచేరివారును, న్యాయాధిపతియు ఆ కాగితమును నమ్ముచున్నారు. ఆ రెండు మాటలు అబద్ధమైనప్పుడు వానిని వ్రాసినవాని నెవరు విచారింతురు, ఎట్లు విచారింతురు, అనునది మన పల్లెలలో తెలిసినవారు మిక్కిలి తక్కువ.

సాక్షి యను శబ్దమును పాణిని "ప్రత్యక్షముగ చూచినవాడు" అను నర్థమున సాధించినాడు. నోటరీ శబ్దమునకు మూలమైన లాటినుపదమునకు వ్రాతగాడని యర్థము. మన విష్ణుస్మృతి లేఖ్యములను మూడు తెగలుగ విభజించి, రాజనియుక్తుని సాక్ష్యముతో వ్రాయబడినదానికి రాజసాక్షికమని పేరిడినది. నేటి నోటరీ యీ వంశము లన్నింటికిని వారసుడు: వ్రాయువాడును అతడే, చూచువాడును అతడే. కొందరు వ్రాతను మాత్రము ఉంచుకొని చూపును విడిచిపెట్టినారు.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టముక్రింద నియమింపబడిన నోటరీకి హుండీలు, ప్రామిసరీనోట్లు మొదలగువానికి సంబంధించిన పరిమితమైన పని మాత్రమే యుండెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1952లో నోటరీల చట్టము చేయబడి 1956 ఫిబ్రవరి 14 నుండి అమలులోనికి వచ్చినది. సామాన్యముగ పదియేండ్లు వకాలతు చేసినవారికి ఈ యధికారము దొరకును. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికిని ఏడేండ్లు చాలును. ఈ నమ్మకము చిన్నది గాదు. నోటరీ యెదుట వ్రాయబడిన అధికారపత్రమును న్యాయస్థానము నిజమైనదిగా తలపవలెనని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున నమలగుచున్న భారతీయ సాక్ష్య అధినియమమును అట్లే చెప్పుచున్నది.

ఇక మేము కన్నది చెప్పెదము. మా పాఠశాలలో నేడవ తరగతి చదువుచుండిన యొక బాలికకు బదిలీపత్రము కావలెనని తండ్రి కొన్నియేండ్ల క్రిందట మాయొద్దకు వచ్చెను. కారణ మడుగగా నూరురూపాయల స్టాంపుకాగిత మొకటి చూపెను. భార్యాభర్తలు పరస్పరసమ్మతితో విడాకులు తీసికొనిరనియు, బిడ్డ తండ్రియొద్ద నుండుననియు దానిలో నుండెను. క్రింద నతని సంతకము, ఆమెది యని చెప్పబడిన వ్రేలిముద్ర, ఆపైన పట్టణమునందలి యొక నోటరీ ముద్ర, సంతకము, తేది. తల్లిని చూడక మేమేమియు చేయజాలమని పంపివేసితిమి. మరునా డామె వచ్చి కాగితమును తలక్రిందులుగ పట్టుకొని చాలసేపు చూచెను.

"అయ్యోరూ, ఆ దినము నేను పలమనేరులో మాయమ్మకాడ ఉండాను. టౌను మొగమే చూళ్లేదు. ఈ ఏలిముద్ర నాది కాదు. ఈ ముద్ర ఏసినాయన్ను అడిగేదానికి ఎవురూ లేరా?"

బదిలీపత్రము మే మీయలేదు. కాని యామె ప్రశ్న మాత్రము మాతోనే నిలిచినది.

మొదట విడాకులమాట. అనాదిగ విడాకుల ఆచారము గల కులములను విడిచినచో, న్యాయస్థానపు డిక్రీ లేక హిందూవివాహము రద్దు కాదు. నోటరీముద్ర పడినంతమాత్రమున స్టాంపుకాగితమునకు డిక్రీబలము రాదు. వివాహపత్రములు, విడాకులపత్రములు నోటరీలు జరిపింపరాదని కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో ప్రత్యేకముగ హెచ్చరింపవలసి వచ్చెననగా, ఈ యాచారము మా తాలూకాకే పరిమితము గాదని తెలియుచున్నది.

ఇక అడుగువారి మాట. అడుగువారు లేరనుటకు వీలులేదు, ఇద్దరున్నారు. నోటరీని నియమించినది ప్రభుత్వము గనుక, నిబంధనలలో 13వ దానిని బట్టి నిర్ణీతమైన నమూనాలో ఫిర్యాదు చేయవచ్చును. దాని ప్రతి నోటరీకి పంపబడును. అతని సమాధానము గైకొని, విచారణ జరిపి, అధికారి ప్రభుత్వమునకు నివేదించును. ప్రభుత్వ మతని యనుమతిపత్రమును రద్దుచేసి శాశ్వతముగ నిషేధింపవచ్చును, కొంతకాలము నిలిపివేయవచ్చును, లేదా మందలించి విడువవచ్చును. రెండవది రాష్ట్ర బార్ కౌన్సిలు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము 35వ సెక్షను క్రింద దాని క్రమశిక్షణసంఘము న్యాయవాదిని మందలింపవచ్చును, వృత్తినుండి కొంతకాలము నిలుపవచ్చును, పట్టికనుండి పేరునే కొట్టివేయవచ్చును. ఒక యేడాదిలో తేల్చనిచో వ్యవహారము భారత బార్ కౌన్సిలునకు పోవును. అచ్చటి తీర్పుపై అరువది దినములలో సుప్రీంకోర్టుకు పోవచ్చును.

చూడుడు, ఈ రెండు త్రోవలు వేరువేరు. ప్రభుత్వము ముద్రను లాగికొన్నను నల్లగౌను అట్లే యుండును. గౌను సంగతి వేరుగ మరల మొదలుపెట్టవలెను. నష్టపడినవా డొకడే, తిరుగవలసిన కచేరులు రెండు.

తిరిగినవా రెవరును లేరా యనగా, ఉన్నారు. హైదరాబాదున నొక న్యాయవాది, ఒక గృహస్థుని పేరిట నున్న ప్రమాణపత్రముపై, అతడు తన యెదుట సంతకము చేసెనని ధ్రువీకరించెను. ఆ గృహస్థుడు తాను సంతకము చేయలేదని సుప్రీంకోర్టువరకును పోరాడెను. ఎం. వీరభద్రరావు, టేక్‌చంద్ అను పేర్లతో న్యాయగ్రంథముల కెక్కిన యీ వ్యాజ్యమున 1984లో తీర్పు వెలువడెను. వకాలతు గుత్తాధికారము వంటిది గనుక, ఆ గుత్త ననుభవించువారు దాని యున్నతసంప్రదాయమును నిలుపవలెనని జస్టిస్ డి. ఎ. దేశాయి వ్రాసిరి. న్యాయవాదిని అయిదేండ్లు వృత్తినుండి నిలిపివేసిరి. ఒక్క సంతకమునకు అయిదేండ్లు! కొందరు వకీలుమిత్రులు మాతో నిది కఠినమనిరి. మాకు కఠినమని తోచలేదు. వడ్డీవ్యాపారి తప్పుడు లెక్క వ్రాసినచో ఒకని సొమ్ము పోవును; న్యాయవాది "నా యెదుట" యని బొంకినచో, మంచి నోటరీ వేసిన ముద్రకును విలువ పోవును.

వకీలుమిత్రులు చెప్పినదానిలో నొక సత్యము లేకపోలేదు. చెట్టుక్రింద బల్ల వేసికొని కూర్చున్న నోటరీకి దక్కునది స్వల్పము. వచ్చినవా డందరికంటె తనపని ముందు కావలె ననును. తండ్రి బెంగుళూరులో కూలికి పోయినాడు, సంతకము నేనే చేసెదనని కొడుకే బ్రతిమాలును. జనులు తామే యబద్ధమును కొని తెచ్చుకొనుచున్నారని వారనుట కొంతవరకు నిజము. కాని మా బాలిక తల్లి యేమి కొన్నది?

ఆమె ఫిర్యాదునకు సిద్ధపడినది. నమూనా వ్రాయించుటకు, నకలు సంపాదించుటకు మూడుమారులు కూలి పోగొట్టుకొని తిరిగి, నాలుగవసారి మానుకొన్నది. పోలీసులయొద్దకు పోవుదమా యని యడిగినది. నోటరీ తన యధికారమును చెలాయించుచు చేసిన నేరమును, ప్రభుత్వము నియమించిన యధికారి వ్రాతమూలముగ ఫిర్యాదు చేసిననే తప్ప, న్యాయస్థానము చేపట్టరాదని చట్టమునందలి 13వ సెక్షను అడ్డుపడుచున్నది. నిజాయితీగల నోటరీని కాపాడుటకు కట్టిన యీ గోడ దొంగసాక్షికిని నీడ నిచ్చుచున్నది. దీనిని సవరింపవలెనని మా యభిప్రాయము.

సవరణ రాకముందును చేయదగినది యొకటి గలదు. నోటరీ ప్రతిపనికిని రిజిస్టరు వ్రాయవలెను. ఎవరికొరకు చేసెనో వారి సంతకము నందులో గైకొనవలెను. ప్రతి సంవత్సరము జనవరి మొదటివారమున ప్రభుత్వమునకు లెక్క పంపవలెను. ఆ రిజిస్టరును ఏడాదికి రెండుమారులవరకు తనిఖీ చేయుటకు జిల్లాజడ్జికి నిబంధనలే యధికార మిచ్చినవి. ఇందులకు క్రొత్త చట్టము వలదు, క్రొత్త యుద్యోగి వలదు. మా బాలిక తల్లి పలమనేరులో నున్న ఆ దినపు పుటలో నామె పేరున్నదో లేదో, ఉన్నచో దాని కెదురుగ నెవరి వ్రేలున్నదో తెలిసికొనుటకు ఒక గంట పట్టును.