బార్సూరులో ముప్పై రెండు స్తంభాలు

బస్తర్ అనగానే మనవాళ్లు విశాఖలో కిరండూల్ రైలెక్కి, అరకు మీదుగా జగదల్‌పూర్ చేరి, చిత్రకోట జలపాతం చూసి వెనక్కి వస్తారు. నేను రెండో దారి పట్టాను. ములుగు, ఏటూరునాగారం, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన, ఆపైన భోపాలపట్నం, బీజాపూర్, గీదం. అక్కడ ఉత్తరానికి తిరిగితే ఇరవై కిలోమీటర్ల దూరంలో బార్సూరు. ముందురోజే పాలంపేటలో రామప్ప గుడి చూశాను. ఆ గుడి ఇంకా కళ్లలో ఉండగానే బార్సూరు రాతిపని చూడాలన్నది నా కోరిక. రామప్ప కట్టింది 1213లో. బార్సూరులోని బత్తీసా గుడి 1208 నాటిది. మధ్యలో గోదావరి, అడవి, ఐదేళ్ల కాలం.

జీపు నడిపినాయన భోపాలపట్నం మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట.

"బార్సూర్ల ఏం పని సార్ మీకు? గుళ్లు చూస్తందుకా?"

"అవునన్నా, రాళ్లెట్లా పేర్చారో చూడాలని."

"గట్లయితే ముందుగాల బత్తీసకే పోదాం. ఆడ లింగం తిరుగుతది."

బత్తీసా అంటే ముప్పై రెండు. అన్ని స్తంభాలతో ఒకే మండపం, దానికి రెండు గర్భగుళ్లు, ఇద్దరు శివుళ్లు, ఇద్దరు నందులు. బస్తర్‌ను ఏలిన ఛిందక నాగవంశపు రాజు సోమేశ్వరదేవుడి రాణి గంగమహాదేవి కట్టించింది. ఒక శివుడికి భర్త పేరున వీరసోమేశ్వరుడని, మరో శివుడికి తన పేరున గంగాధరేశ్వరుడని పేర్లు పెట్టింది. ఈ సంగతి చెప్పే శాసనం తెలుగులో ఉంది. అంతకు నూటయాభై ఏళ్ల ముందే, 1060లో, అదే వంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడి సామంతుడు చంద్రాదిత్యుడు ఇదే ఊళ్లో చెరువు తవ్వించి చంద్రాదిత్యేశ్వరాలయం కట్టించాడు. అతను తెలుగు చోడుడు, కరికాలుడి వంశంవాణ్ణని చెప్పుకున్నాడు. ఇక్కడి రాళ్ల మీద మన భాష చుట్టపుచూపుగా వచ్చింది కాదు, కాపురమున్నది.

మండపంలో స్తంభాలు బాగా దగ్గరదగ్గరగా ఉన్నాయి. మనిషి నాలుగడుగులు వేస్తే ఒక స్తంభం అడ్డొస్తుంది. వాటి మీద పెద్ద శిల్పమేమీ లేదు. రామప్పలో నల్లరాతి నగిషీ చూసొచ్చిన కంటికి మొదట వెలితిగా అనిపిస్తుంది. కాసేపు తలెత్తి దూలాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ వంగదు. రెండు స్తంభాల మీద రాతి దూలం పెట్టి పైన బరువు వేస్తే, దూలం అడుగుభాగం సాగాలని చూస్తుంది. సాగలేదు కాబట్టి పగులుతుంది. అందుకే దూలం పొట్టిగా ఉండాలి, స్తంభాలు దగ్గరగా ఉండాలి. ఈ ముప్పై రెండూ అలంకారం కోసం వచ్చినవి కావు, రాయి స్వభావం అడిగి నిలబెట్టించుకున్నవి.

ఇదే చిక్కు రోమన్లకూ ఎదురైంది. వాళ్లు దూలాన్ని చాలాచోట్ల వదిలేసి కమాను పట్టుకున్నారు. ఒక కొన వెడల్పుగా, మరో కొన సన్నగా కోసిన రాళ్లను వంపుగా పేరిస్తే ప్రతి రాయీ పక్కరాయిని నొక్కుతుంది, సాగే పనే ఉండదు. దానికి తోడు నేపుల్స్ దగ్గరి పొజ్జువోలి అగ్నిపర్వత బూడిదను సున్నంలో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడే కాంక్రీటు వచ్చింది. రేవులు కట్టారు, గుమ్మటాలు పోశారు. రోమ్‌లో పాంథియన్ గుమ్మటం అడ్డం 43.3 మీటర్లు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 126లో పూర్తయింది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. ఆ గుమ్మటంలో కింద బరువైన రాతిముక్కలు, పైకి పోయేకొద్దీ తేలికైనవి, నడినెత్తిన నురుగురాయి వాడారు. రామప్ప శిఖరంలో నీళ్లమీద తేలే ఇటుకలు వాడిన కాకతీయ స్థపతులకూ అదే ఆలోచన వచ్చింది. ఎవరూ ఎవరికీ నేర్పకుండానే బరువు అందరికీ ఒకే పాఠం చెప్పింది.

మరి బార్సూరువాళ్లకు సున్నం దొరకలేదా? ఇదే బస్తర్‌లోని కాంగేర్ లోయ నిండా సున్నపురాయే, కుటుంసర్ గుహ దానిలోనే పుట్టింది. దొరక్క కాదు, అవసరం లేక. రోమన్ చక్రవర్తికి జనమంతా ఒకే కప్పు కింద నిలబడే చోటు కావాలి. గంగమహాదేవికి కావలసింది దేవుడుండే చిన్న చీకటి గది, ముందర నలుగురు కూచునే నీడ. ఆ పనికి రాయి మీద రాయి చాలు. పైగా ఈ కట్టడానికొక గుణముంది. రాళ్లకు అంకెలు వేసి విప్పొచ్చు, పునాది బాగుచేసి మళ్లీ పేర్చొచ్చు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమంటపాన్ని 2006లో అలాగే విప్పారు, 2024లో మళ్లీ తెరిచారు. కాంక్రీటు గుమ్మటాన్ని అలా విప్పగలరా?

డ్రైవరు చెప్పిన లింగం దగ్గరికి వెళ్లాం. అక్కడున్న పెద్దాయన రెండు చేతులూ పానవట్టం అంచుకు ఆనించి నెట్టాడు. గరగరమంటూ లింగంతో సహా తిరిగింది. నేనూ నెట్టాను. మొదట మొరాయించి, కదిలాక తేలిగ్గానే వచ్చింది. భక్తులకు అది మహిమ. నాకు కనిపించింది రాతిపనివాళ్ల చెయ్యి. రెండు రాతి ముఖాలు ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా సమంగా అరగదీస్తే తప్ప ఒకదాని మీద ఒకటి ఇలా తిరగదు. సున్నం లేని గోడలో అతుకు బిగువుగా కూర్చోడానికి కూడా కావలసింది ఆ నేర్పే.

బార్సూరులోనే ఉన్న మామా భాంజా గుడిలో శిఖరమే చూడాలి. మేనమామ, మేనల్లుడు కలిసి ఒక్కరోజులో కట్టారని ఊళ్లో కథ. కథ పక్కన పెట్టి గోడ వెంట కళ్లు పైకి పోనిస్తే వరస మీద వరస కొద్దికొద్దిగా లోపలికి జరుగుతూ పోతుంది. లోపలికి పొడుచుకొచ్చిన భాగం కంటే గోడలో ఇరుక్కున్న తోకభాగం బరువు ఎక్కువుండాలి, లేకపోతే రాయి ముందుకు తూలుతుంది. పై వరస బరువే కింది వరసకు తాళం. రామప్పలో పైబరువు తగ్గించారు, ఇక్కడ పైబరువునే పనిలో పెట్టుకున్నారు. నా మటుకు నాకు ఈ రెండో ఆలోచనలోని ధైర్యం ఎక్కువ నచ్చింది.

సాయంత్రం లోపు నారాయణపాల్ కూడా చూడొచ్చు. ఇంద్రావతికి దగ్గర్లో, చిత్రకోట వైపు ఉంది. విష్ణువు గుడి, 1111 నాటి శాసనం. అక్కడ దాత ధారావర్షుడి రాణి గుండమహాదేవి. కొడుకు సోమేశ్వరుడు (గంగమహాదేవి భర్త కాదు, అదే పేరున్న ముందటి రాజు) పోయాక మనవడు కన్హరుడి ఏలుబడిలో దేవుడికి ఊరు రాసిచ్చింది. ఆ శాసనం సంస్కృతంలో, నాగరి లిపిలో ఉంది. భాష మారింది కానీ పేర్పు మారలేదు, అదే లోపలికి జరిగే వరస. రామప్పకు వెళ్లే తెలుగువాళ్లు ఒక రాత్రి ఎక్కువ పెట్టుకుని ఇటు రావాలి. బార్సూరుకు పొద్దున్నే చేరండి. ఎండ వాలుగా పడేటప్పుడే అతుకులు స్పష్టంగా కనిపిస్తాయి.