ధర పెరిగితే తగ్గేది ఎవరి కంచంలో?



గత నెల మొదటి వారంలో వనపర్తిలో మా వీధి చివరనున్న కిరాణా దుకాణానికి చీటీ పట్టుకొని వెళ్ళాను. నలభై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఆ బాధ్యత నా శ్రీమతిదే. ఆమెకు మోకాలి శస్త్రచికిత్స జరిగిన నాటి నుండి అది నా వంతు అయింది. కందిపప్పు, పల్లి నూనె, చింతపండు, ఎల్లిగడ్డ, చక్కెర, టీ పొడి. చీటీలో కొత్త వస్తువు ఒక్కటీ లేదు. దుకాణదారు మొత్తం చెప్పగానే ఎక్కడో లెక్క తప్పిందనుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకొని నేనే మళ్ళీ కూడి చూశాను. తప్పు లేదు.

"సారూ, మీరు శానా దినాలకు దుకాణం మొకం చూసిండ్రు. రోజు వచ్చేటోళ్ళకు గుండె ఎప్పుడో గట్టిపడ్డది" అని అతడు నవ్వాడు.

నా వెనుక ఒక స్త్రీ నిలుచున్నది. కూలి పని ముగించుకొని వస్తున్నట్లుంది, చీర అంచుకు మట్టి ఇంకా తడిగానే ఉన్నది. పావుకిలో కందిపప్పు అడిగింది. ధర విన్నది. ఒక్క క్షణం ఆగి, "వద్దన్నా, అద్దపావే కట్టు" అన్నది. ఒక చిన్న నూనె ప్యాకెట్టు, కొంగు పట్టుకొని వేలాడుతున్న పిల్లవానికి ఒక బిస్కెట్ ప్యాకెట్టు తీసుకొని వెళ్ళిపోయింది.

మిత్రులారా, ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. బిల్లు చూసి విస్తుపోయినవాడిని నేను. కాని నా చీటీలో ఒక్క వస్తువును కూడా నేను కొట్టివేయలేదు. ఆమె విస్తుపోలేదు, ఎవరితోనూ వాదించలేదు. నిశ్శబ్దంగా పప్పును సగం చేసింది. ధరల పెరుగుదలను మనం జేబుకు సంబంధించిన విషయంగానే మాట్లాడుకుంటాము. ప్రభుత్వ వైద్యునిగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో గడిపిన జీవితంలో నేను తెలుసుకున్నది వేరు. ధర మొదట జేబులో కనిపిస్తుంది, తరువాత కంచంలోకి దిగుతుంది, కొన్ని నెలలకు రక్తంలోకి చేరుతుంది. ఆ చివరి మజిలీలోనే అది వైద్యుని వద్దకు వస్తుంది. అప్పటికి ఆలస్యమై ఉంటుంది.

నేను వ్రాసిన ఖరీదైన సలహా

ఒక అనుభవం చెబుతాను. ఇది నా తప్పు గురించి. 1990ల తొలినాళ్ళలో నాగర్‌కర్నూల్ సమీపంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. ఆరవ నెల గర్భిణి ఒకామె వచ్చింది. కనురెప్ప లోపల చూస్తే పాలిపోయి ఉన్నది. హిమోగ్లోబిన్ ఏడు గ్రాములైనా లేదు. ఇనుము మాత్రలు ఇచ్చాను. అలవాటు ప్రకారం, "దానిమ్మ, ఖర్జూరం, పాలు, గుడ్లు, ఎండుద్రాక్ష బాగా తినాలమ్మా" అని చెప్పి పంపాను.

నెల తిరిగి వచ్చింది. రక్తం ఏమీ పెరగలేదు. మాత్రలు వేసుకుంటే వికారమని మానివేసిందట. "చెప్పినవి తిన్నావా?" అని కొంచెం కటువుగానే అడిగాను.

"తిన్న సారూ. ఐదు దినాలు తిన్న. ఆరో దినం పైసలు ఒడిసినయి. ఆ పైసలు మా ఇంట్ల నెల పప్పుకు పెట్టుకున్నయి."

నేను మరో మాట మాట్లాడలేకపోయాను. ఆమె భర్త, ఇద్దరు పిల్లలు, ఆమె, గర్భంలోని శిశువు, అందరూ ఆ నెలంతా పప్పు లేకుండా గడిపారు. వైద్యుడు చెప్పాడని! నేను వ్రాసింది మందుల చీటీ అనుకున్నాను. నిజానికి అది ఆ ఇల్లు మోయలేని కిరాణా చీటీ. ఆమె వెళ్ళిన తరువాత మా కేంద్రంలో పనిచేసే పెద్దవయసు ఆయా, "సారూ, ఏం తినాల్నో చెప్పేముందు నిన్న ఏం తిన్నరో అడుగుండ్రి" అన్నది. వైద్య కళాశాలలో ఐదేళ్ళు చదివినా నాకు ఎవరూ చెప్పని పాఠం అది. ఆనాటి నుండి పదవీ విరమణ వరకు, "నిన్న రాత్రి ఏం కూర అమ్మా?" అన్నదే రోగిని నేనడిగే మొదటి ప్రశ్న అయింది.

ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానాలను బట్టి ధరల పట్టిక నాకు పత్రికల కంటే ముందే తెలిసేది. పప్పు ధర పెరిగితే "పప్పు" అన్నవారు "పప్పుచారు" అనేవారు. మరికొన్నాళ్ళకు అది "పచ్చిపులుసు" అయ్యేది. చివరకు "ఏముంది సారూ, కారం మెతుకులు". బియ్యం మాత్రం ఎప్పుడూ తగ్గేది కాదు. కడుపు నిండేది. అందువల్లనే ఎవరూ దానిని ఆకలి అనలేదు.

చివర తినే మనిషి

మన ఇళ్ళలో వడ్డన క్రమం మీకు తెలిసినదే. ముందు మగవారు, పిల్లలు, తరువాత పెద్దవారు, అందరి తరువాత వండిన ఇల్లాలు. గిన్నెలో పప్పు చిక్కగా ఉన్నంతకాలం ఈ క్రమం వల్ల కలిగే నష్టం పైకి కనిపించదు. పప్పు పలచబడిన నాడు ఆ కొరత అందరికీ సమానంగా పంచబడదు. మొత్తం చివరి కంచంలోకే చేరుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లలలో అది 70 శాతం. దీనికి ధరలొక్కటే కారణమని నేను అనను. నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు, అధిక రుతుస్రావం వంటివి కూడా ఉన్నాయి. కాని అద్దపావు పప్పు కట్టించుకున్న ఆ స్త్రీ ఇంట్లో ఆ రాత్రి చివరి కంచంలో ఏమి మిగిలి ఉంటుందో ఊహించడానికి సర్వే అవసరం లేదు.

జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లోనే ఒక సూత్రం చెప్పాడు. ఆదాయం తక్కువైన కొద్దీ అందులో తిండికి పోయే వాటా ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబం ఖర్చులో సుమారు 46 శాతం ఆహారానికే పోతున్నది. అందుకే ఒకే ధర ఒక ఇంట్లో చిరాకుగా, పక్క ఇంట్లో జబ్బుగా మారుతుంది.

మన ఊరి వంటగది, దూరదేశపు యుద్ధం

ధరలు ఎందుకిలా ఎగిరిపడుతున్నాయి? 2015 అక్టోబరులో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె మండింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను కొన్ని వారాలపాటు నిలిపివేసింది. 2023 జులైలో టమాటా వంద దాటి పరుగెత్తింది. 2024 సెప్టెంబరులో వంటనూనెలపై దిగుమతి సుంకం పెరిగింది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుండే వస్తున్నది. కంది కూడా బర్మా, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుండి తెచ్చుకుంటున్నాము.

నా చిన్ననాడు ఈ నేల మీద జొన్న, కంది, కొర్ర, ఉలవ, ఆముదం కలగలిసి పండేవి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీళ్ళు వచ్చిన తరువాత వరి విస్తరించింది. వలసల గడ్డ అని పేరుపడిన పాలమూరుకు నీళ్ళు రావడం వరమే, సందేహం లేదు. కాని వరి పెరిగిన మేరకు పొలం గట్టున ఉండవలసిన పప్పు దుకాణానికి చేరింది. పల్లి ఇప్పటికీ మన పంటే. 2024-25లో దాని మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. ఆ ధర అందలేదని మన మార్కెట్ యార్డుల్లో రైతులు ఆందోళనకు దిగడమూ చూశాము. అమ్మేవానికి ధర లేదు, కొనేవానికి అందుబాటు లేదు. అద్దపావు కట్టించుకున్న స్త్రీ బహుశా పల్లి చేనులో కూలికి పోయి వచ్చినదే కావచ్చును.

మరొక మాట. "ద్రవ్యోల్బణం తగ్గింది" అని పత్రికలు వ్రాసినప్పుడు చాలామంది నన్ను అడుగుతారు, "మరి ధరలు తగ్గవేమి డాక్టరుగారూ?" అని. 2023 జులైలో ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతం, 2024 అక్టోబరులో 10.87 శాతం. తరువాత ఆ అంకె బాగా దిగింది. నెలకు రెండు కిలోలు బరువు పెరుగుతున్న రోగి ఈ నెల పావుకిలో మాత్రమే పెరిగాడనుకోండి. పెరిగే వేగం తగ్గింది, బరువు తగ్గలేదు. ధరల సంగతీ అంతే. కొన్ని వెనుకకు వచ్చాయి, కొన్ని ఎక్కిన మెట్టు మీదనే కూర్చున్నాయి.

గతం బంగారం కాదు

అయితే "ఆ రోజులే మేలు, జొన్నరొట్టె తిని రాయిలా ఉండేవాళ్ళం" అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. 1970లలో నేను వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు దక్కన్ పీఠభూమి పల్లెల నుండి పెల్లాగ్రా రోగులు వచ్చేవారు. మెడ చుట్టూ హారంలా నల్లబడిన చర్మం, విరేచనాలు, మతిభ్రమణ. జొన్న తప్ప మరేదీ కొనలేని పేదల జబ్బు అది. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960 ప్రాంతంలో దీనిపై పరిశోధన చేసి, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే పదార్థానికి దీనితో సంబంధం ఉన్నదని ప్రతిపాదించారు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఎందరి కడుపో నింపింది. 2025 ఉగాది నుండి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నది. పెల్లాగ్రా నేటి యువ వైద్యులకు అరుదుగా కనిపించే జబ్బు అయింది. ఇది చిన్న విజయం కాదు.

కాని ఆనాడు జొన్న ఒక్కటే తిన్నవానికి పెల్లాగ్రా వచ్చింది. ఈనాడు అన్నమొక్కటే తిన్నవానికి రక్తహీనత, మధుమేహం పొంచి ఉన్నాయి. ఏ ఒక్క ధాన్యమూ భోజనం కాదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా మనకు అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని చెబుతున్నాయి. బియ్యం చౌకగా ఉండి మిగిలినవన్నీ ప్రియమైనప్పుడు ఆ హద్దు దాటడం పేదవాని తప్పు కాదు. పైగా కూర లేని అన్నం దిగడానికి పచ్చడి, కారం, ఉప్పు పెరుగుతాయి. రోజుకు ఒక చెంచాడు, అంటే 5 గ్రాములు మించకూడని ఉప్పు రెట్టింపవుతుంది. రక్తపోటు అక్కడ మొదలవుతుంది.

కోయవలసి వస్తే ఎక్కడ కోయాలి?

శస్త్రవైద్యుడు కోసేముందు ఏ నాళాన్ని ముట్టరాదో చూసుకుంటాడు. చీటీని కుదించవలసి వచ్చినప్పుడు మనమూ అలాగే చేయాలి.

ముట్టరానివి పప్పు, గుడ్డు, ఆకుకూర, పిల్లల పాలు. కంది ప్రియమైతే పెసర, శనగ, ఉలవ, బొబ్బర్లలో ఆ నెల ఏది అందుబాటులో ఉంటే అది. పప్పును మానవద్దు, మార్చండి. వంద గ్రాముల పల్లిలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులున్నాయి. గుప్పెడు నానబెట్టిన పల్లీలు పిల్లవానికి ఏ డబ్బా పొడికీ తీసిపోవు. మునగాకు, తోటకూర, పుంటికూర, పొలాల్లో దొరికే చెంచలికూర ఉండగా దానిమ్మ లేదని దిగులు వద్దు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం వెంటనే టీ త్రాగితే అదే ఇనుము వృథా అవుతుంది, గంట ఆగండి.

టమాటా ప్రియమైతే చింతపండు, పుంటికూర ఉన్నాయి. టమాటాలో తొంభై శాతానికి పైగా నీరే. రుచి తగ్గుతుందేమో గాని ఆరోగ్యానికి లోటు రాదు.

కోయవలసినవి బిస్కెట్లు, చిప్సు, చల్లని సీసా పానీయాలు, చక్కెర, ప్రకటనల్లో కనిపించే పొడులు. నూనె కూడా. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు చాలు. నూనె ధర పెరగడమొక్కటే నా దృష్టిలో గుండెకు కొంత మేలు చేయగల విషయం, చౌకదని కల్తీ విడి నూనెకు పోకుంటే.

గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్ళకు ఒక మాట. 2015 జనవరి నుండి ఆరోగ్య లక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. "అక్కడ తినడం నామోషీ" అని కోడళ్ళను ఆపవద్దు. అది దానం కాదు, మీ హక్కు.

ఆ రోజు దుకాణంలో ఈ మాటల్లో ఒక్కటీ నేను ఆ స్త్రీతో చెప్పలేదు. అడగని మనిషికి, చేతిలో పైసలు లెక్కపెట్టుకుంటున్న వేళ, బిస్కెట్లు వద్దు పప్పు కొనమని చెప్పడానికి నేనెవరిని? ఒకసారి అలా చెప్పి ఒక ఇంటి నెల పప్పు పోగొట్టినవాడిని. పిల్లవాని చేతిలోని ఆ ప్యాకెట్టు బహుశా ఆ రోజంతటికీ ఆమె ఇవ్వగలిగిన ఒకే సంతోషం. అందుకే మీతో చెబుతున్నాను. ఆమెకు కావలసింది సలహా కాదు, రేషన్ బియ్యంతోపాటు పప్పు, చేసిన పనికి తగిన కూలి. ఆ మాట అడగగల గొంతు మనలో చాలామందికి ఉన్నది.

ఇక మీ ఇంటి మట్టుకు ఒక్క చిన్న పని. ఈ రాత్రి అందరూ తిన్న తరువాత వంటింట్లోకి వెళ్ళి పప్పు గిన్నె మూత తీసి చూడండి. ఇంకా తినవలసిన మనిషికి అందులో ఏమి మిగిలిందో చూడండి. ఏమీ మిగలకపోతే, రేపటి నుండి ఆమెకు ముందుగా వడ్డించండి. ఈ మందుకు పైసా ఖర్చు లేదు.