పాదలేపనం లేని ప్రయాణం

పుస్తకం మనిషిని కూర్చోబెడుతుందని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. మావంటి సాహిత్యోపాధ్యాయుల విషయంలో అది చాలావరకు సత్యమే. పాతికేళ్ళపాటు నా శరీరం ఎరిగిన స్థితులు రెండే: తరగతిలో నిలబడటం, ఇంట్లో పుస్తకం ముందు కూర్చోవటం. అటువంటి నన్ను యాభయ్యవ ఏట లేపి, రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద పరుగెత్తించింది కూడా ఒక పుస్తకమే. అది వైద్యగ్రంథమూ కాదు, యోగశాస్త్రమూ కాదు. జపాను నవలాకారుడు హరుకి మురకామి తన పరుగును గురించి రాసుకున్న జ్ఞాపకాలు.

ఆ రచన జపాను భాషలో 2007లో వెలువడింది. మరుసటి ఏడాది ఫిలిప్ గేబ్రియల్ దానిని 'వాట్ ఐ టాక్ అబౌట్ వెన్ ఐ టాక్ అబౌట్ రన్నింగ్' అనే పేరుతో ఇంగ్లీషులోకి అనువదించాడు. 2018 వానకాలంలో నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి, "నవల కాదండి మాస్టారూ, రెండు రోజుల్లో చదివేస్తారు" అంటూ దానిని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ప్రబంధాల నడుమ అది కొన్నాళ్ళు అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లో నన్ను వేధిస్తున్న సమస్య వేరు. అది ఊపిరికి సంబంధించినది. పద్యం కాగితం మీద అక్షరాలుగా కనపడినా, అది బతికేది చదివేవాని ఊపిరితోనే. శ్రీనాథుని దీర్ఘసమాసాన్ని మధ్యలో విరిచి శ్వాస తీసుకుంటే, వినే విద్యార్థికి ఒక మాట రెండు మాటలై అర్థం చెదిరిపోతుంది. మా తరగతి గది రెండవ అంతస్తులో ఉండేది. మెట్లెక్కి వెళ్ళిన మొదటి అయిదు నిమిషాలు హాజరు పిలవడంతో గడిపి, ఆయాసం తగ్గాకనే పద్యం ఎత్తుకొనేవాణ్ణి. అయినా మూడవ పాదంలో గొంతు సన్నగిల్లేది. వైద్యుడు పరీక్షలు చేయించి, చక్కెర సరిహద్దులో ఉందని, గుండెకు, ఊపిరితిత్తులకు జబ్బు ఏమీ లేదని, కదలిక లేకపోవటమే జబ్బని చెప్పాడు. నాకు కలిగిన భయం చక్కెరను గురించి కాదు. ఇంకా పన్నెండేళ్ళ ఉద్యోగం ఉంది. పద్యం చదవలేని తెలుగు అధ్యాపకుడు ఆ పన్నెండేళ్ళు తరగతిలో ఏమి చేస్తాడన్నదే నా భయం.

నడవండి, కదలండి అని వైద్యులు అందరికీ చెబుతారు. మన ఆలంకారికులు ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించారు: ప్రభువు ఆజ్ఞాపించినట్లు చెప్పేది, మిత్రుడు నచ్చజెప్పినట్లు చెప్పేది, ప్రియురాలు మనసు కరిగించి చెప్పేది. వైద్యుని మాట ప్రభుసమ్మితం. తల ఊపి ఇంటికి వచ్చేస్తాము. మురకామి పుస్తకం మిత్రసమ్మితం. ఆయన ఎక్కడా నన్ను పరుగెత్తమని చెప్పలేదు. తాను ఎట్లా పరుగెత్తాడో చెప్పాడు, అంతే.

మురకామి 1949లో క్యోటో నగరంలో పుట్టాడు. టోక్యోలో భార్యతో కలిసి జాజ్ సంగీతం వినిపించే చిన్న క్లబ్బు నడిపేవాడు. 1978 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బేస్‌బాల్ ఆట చూస్తూ కూర్చున్నప్పుడు నవల రాయాలన్న తలంపు ఆయనకు కలిగింది. మరుసటి ఏడాదే మొదటి నవల వెలువడింది. తరువాత క్లబ్బు వదలి రచననే వృత్తిగా చేసుకున్నాక, రోజంతా కూర్చొని రాయటం, రోజుకు అరవై సిగరెట్లు కాల్చటం, ఒళ్ళు పెరగటం మొదలైంది. 1982 శరత్కాలంలో, ముప్పై మూడవ ఏట, పరుగు ప్రారంభించాడు. మొదట అరగంటకు మించి పరుగెత్తలేకపోయాడట. గుండె దడదడలాడేది, కాళ్ళు వణికేవి. ఇరుగుపొరుగువారు చూస్తుంటే సిగ్గేసేదట. ప్రపంచప్రసిద్ధుడైన రచయితకు కూడా వీధిలో పరుగెత్తటానికి సిగ్గు కలిగిందని చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు.

నా సిగ్గుకు కారణాలు మరి కొన్ని ఉన్నాయి. మా ఊళ్ళో నా విద్యార్థులు లేని వీధి లేదు. గోదావరి గట్టు మీద తెల్లవారుజామున స్నానాలకు వెళ్ళేవారు, పూలమ్మేవారు, పాలబండ్లవారు అందరూ నన్ను పంచెకట్టులో ఎరిగినవారే. మొదటిరోజు కాన్వాసు బూట్లు తొడుక్కొని కోటిలింగాల రేవు దగ్గర రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం పరుగెత్తి ఆగిపోయాను. టీకొట్టు యజమాని గ్లాసు పట్టుకొని నా వైపు చూస్తూ, "ఏమండీ మాస్టారూ, బండి గాని దాటిపోయిందా అండీ?" అని అడిగాడు. అందులో ఎగతాళి లేదు, నిజమైన ఆదుర్దాయే ఉంది. పెద్దమనిషి పరుగెత్తాడంటే రైలైనా తప్పిపోవాలి, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకనైనా ఉండాలని మన సమాజం నమ్మకం. మన కావ్యాలలోనూ అంతే. గజేంద్రుని మొర విన్న విష్ణుమూర్తి పరుగున రావలసి వచ్చింది. పోతన ఆ తొందరను ఎంత అందంగా చిత్రించాడో మీకు తెలుసు. ఆపద లేకుండా పరుగెత్తిన పెద్దవాళ్ళు మన పురాణాలలో అరుదు.

ఒక స్తంభం దూరం పరుగు, రెండు స్తంభాల దూరం నడక. నెల రోజులకు అది తిరగబడింది. పిక్కలు పట్టేసిన రోజులున్నాయి. మా ఇంట్లో ఆవిడ ప్రతి ఉదయం "మోకాళ్ళు జాగ్రత్తండీ" అంటూనే తలుపు తీసేది. మురకామి పెట్టుకున్న నియమాలలో నాకు బాగా నచ్చినది ఒకటుంది: వరుసగా రెండు రోజులు విరామం తీసుకోకపోవటం. కండరాలను ఆయన బరువు మోసే పశువులతో పోలుస్తాడు. కొద్దికొద్దిగా బరువు పెంచితే అవి అలవాటు పడతాయి, నాలుగు రోజులు వదిలేస్తే ఇక బరువు లేదనుకొని ఊరుకుంటాయి. ఎడ్లతో సేద్యం చేసిన ఇంటినుంచి వచ్చిన నాకు ఆ మాట వెంటనే తెలిసింది.

ఈ పోలిక దగ్గర నాకు ప్రవరుడు గుర్తుకు వచ్చాడు. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో సిద్ధుడు ఇచ్చిన పాదలేపనం పూసుకొని ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరుకుంటాడు. మంచుకు ఆ పసరు కరిగిపోతుంది. ఇల్లు చేరే దారి తెలియక, అడుగు కదలక, చివరకు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి గాని ఇంటికి రాలేకపోయాడు. ఈ ఘట్టాన్ని ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. వరూధినీ ప్రవరుల సంవాదం మీదనే నా దృష్టి ఉండేది. ఆ పసరు మీద దృష్టి పడింది పరుగు మొదలుపెట్టాకనే. ప్రవరుడు వెళ్ళిన దూరం అతని కాళ్ళు సంపాదించినది కాదు, అందుచేత తిరుగుదారికి కాళ్ళు పనికిరాలేదు. పరుగులో ఆ సౌకర్యం లేదు. ఎంత దూరం వెళ్ళగలమో అంత దూరం తిరిగి రావలసిందే.

మురకామి తన గొప్పలు చెప్పుకోడు, అది ఈ పుస్తకం మీద నాకు గౌరవం కలిగించింది. 1983 మండువేసవిలో ఏథెన్సు నుంచి మారథాన్ వరకు ఒంటరిగా పరుగెత్తాడు. క్రీ.పూ. 490 నాటి యుద్ధంలో విజయవార్త మోసుకు వచ్చాడని చెప్పుకొనే గ్రీకు దూత దారి అది, దిశ మాత్రం తలకిందులు. 1996లో హొక్కైదో దీవిలోని సరోమ సరస్సు వద్ద 100 కిలోమీటర్లు పరుగెత్తాడు. ఆ తరువాత పరుగు మీద ఆసక్తి సన్నగిల్లిపోయిందని దాచకుండా చెప్పాడు. వయసు పెరిగేకొద్దీ, ఎంత సాధన చేసినా, తన వేగం తగ్గుతూ వచ్చిందనీ రాశాడు. యాభై దాటిన పాఠకునికి ఈ చివరి మాట కలిగించే ఊరట యువకులైన మీకు ఇప్పుడు అర్థం కాకపోవచ్చు.

నవలారచయితకు కావలసినవి ప్రతిభ, ఏకాగ్రత, ఓర్పు అని ఆయన అంటాడు. మొదటిది పుట్టుకతో వచ్చేది, తక్కిన రెండింటినీ సాధనతో పెంచుకోవచ్చునని ఆయన అనుభవం. మన లాక్షణికులు కావ్యహేతువులుగా ప్రతిభావ్యుత్పత్త్యభ్యాసాలను చెప్పినప్పుడు ఈ చర్చే చేశారు. సహజప్రతిభ లేకపోయినా శ్రమతో, అధ్యయనంతో సేవించినవానిని వాగ్దేవి కొంతైనా అనుగ్రహిస్తుందని దండి అభిప్రాయం. నా డాక్టరేటుకు దండిని మూలంలో చదివాను. ఆయన మాట నా కాళ్ళకు కూడా వర్తిస్తుందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

మురకామి రాక్ సంగీతం వింటూ పరుగెత్తుతాడు. నాకు పద్యం ఉంది. పరుగెత్తుతూ మాట్లాడగలిగితే అది మితమైన వేగమని వ్యాయామం నేర్పేవారు చెబుతారు. నేను మాటకు బదులు కందపద్యం ఎత్తుకున్నాను. కందంలో పదహారు గణాలు, అన్నీ నాలుగు మాత్రలవే. రెండు మాత్రలకు ఒక అడుగు వేస్తే ముప్పై రెండు అడుగులలో పద్యం పూర్తవుతుంది, అడుగు ఎక్కడా తప్పదు. ఉత్పలమాలతో ప్రయత్నించి చూశాను. ర గణం దగ్గర అయిదు మాత్రలు వచ్చిపడి కాలు తడబడింది. ఛందస్సు పాఠం చెప్పేటప్పుడు ఇప్పుడు విద్యార్థులను బల్లల మధ్య నడిపించి కందం చెప్పిస్తున్నాను. గణవిభజన నల్లబల్ల మీద కన్నా త్వరగా వస్తున్నది.

2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు గట్టు దూరమైంది. డాబా మీదనే చుట్టూ తిరిగాను, పక్క డాబా పిల్లవాడు చుట్లు లెక్కపెట్టేవాడు. మళ్ళీ గోదావరి ఒడ్డుకు వచ్చేసరికి ఎర్రని వరదనీరు మెట్లను ముంచి పారుతున్నది. ఇప్పుడు వారానికి అయిదు రోజులు, రోజుకు 5 కిలోమీటర్లు. 1997లో రైళ్ళు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన కనపడే చోట వెనక్కు తిరుగుతాను.

తేదీ, పట్టిన సమయం, చదివిన పద్యం, ఊపిరి ఆగిన పాదం ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మూడేళ్ళ క్రితం 34 నిమిషాలలో ముగిసిన దూరానికి ఈ నెలలో 38 నిమిషాలు పడుతున్నాయి. వేగం తగ్గింది. శ్రీనాథుని సీసంలో మాత్రం, నిలబడి చదివినప్పుడు, మూడవ పాదం దాటి నాలుగవ పాదం సగం వరకు వెళ్ళగలుగుతున్నాను. మొన్న సోమవారం ఎదురుగాలి వీచింది. ఆ రోజు పేజీలో 39 నిమిషాలని, కందమే చదివానని ఉంది.