రష్యా ఆర్డర్లు ఆగిన ఏడాది

మాది గుడియాత్తంలో నేత కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. లుంగీల కూలి చాలక నేను మగ్గం వదిలి వేలూరు పక్కన ఒక తోలు కంపెనీలో బూట్ల పైభాగాలు కుట్టే పనిలో చేరాను. మేం కుట్టిందంతా సోవియట్ యూనియన్‌కే పోయేది. ఆ వ్యాపారానికి డాలర్లతో పనిలేదు, లెక్కంతా రూపాయల్లోనే. ఆ ధైర్యంతోనే చీటీ కట్టాను, చెల్లెలి పెళ్లికి అప్పు చేశాను.

1991లో ఆర్డర్లు పలచబడ్డాయి. డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. కుట్టిన సరుకు గోడౌన్‌లో ఉండిపోయింది. మేస్త్రీ ముందు వారానికి మూడు రోజులే రమ్మన్నాడు. తర్వాత కబురు చేస్తానన్నాడు.

నా భార్య కమ్మలు సేటు దగ్గరికి చేరాయి. అమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో ఆడవాళ్లు అగ్గిపెట్టెలు అంటించే పని తెచ్చుకున్నారు. నేను మళ్లీ గుంటమగ్గంలోకి దిగాను. మిషన్‌కు అలవాటుపడ్డ కాళ్లకు మగ్గం కుదరడానికి వారాలు పట్టింది. రేషన్ బియ్యం అయిపోతే గంజే. అప్పిచ్చినాయన వీధి మలుపులో కనబడితే నాన్న పెరట్లోకి వెళ్లిపోయేవాడు. ఆకలికన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

మార్పు ఒక్కసారే రావాలా, మెల్లగా రావాలా అని టీ అంగట్లో రోజూ వాదనే. 1992 జనవరి 2న రష్యాలో చాలా ధరల మీద ప్రభుత్వ అదుపు ఒక్కసారే ఎత్తేశారు. ఆ ఏడాదిలోనే అవి పాతిక రెట్లు పెరిగాయి. పోలండు 1990లోనే ఆ దారి పట్టింది. "పుండు ఒక్కసారే కోసేయాలి" అనేవాడు మా కంపెనీ గుమాస్తా. "కోసేది నీ కాలు కాదుగా" అనేవాడు యూనియన్ అన్న. మన దగ్గర 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించారు, మిగతా పద్ధతులు ఒక్కొక్కటిగా మార్చారు.

యూరప్ బేరాలు దొరికాక కంపెనీ కొందరినే వెనక్కి పిలిచింది. అందులో నేనున్నాను. నాతో కుట్టినవాళ్లు చాలామంది అందులో లేరు.

మన దేశం మెల్లగా మారినా, మా ఆర్డర్లు పోవడం మాత్రం నిదానంగా జరగలేదు. అయినా రేషన్ అంగడి తెరిచే ఉంది, ఇంట్లో మగ్గం ఉంది. రష్యాలో నాలాంటి కూలివాడు దాచుకున్న రూబుళ్లకు 1992తో విలువే లేకుండా పోయింది. అందుకే మార్పు వేగంగానా, మెల్లగానా అని ఎవరైనా వాదిస్తే నేను ఒక్కటే అడుగుతాను: పాత కూలి ఆగిన రోజునుంచి కొత్త కూలి చేతికందే దాకా ఇంట్లో పొయ్యిమీద ఏం పెట్టాలి? దానికి జవాబు చెప్పగలిగితే, ఎంత తొందరపడినా నాకు అభ్యంతరం లేదు.