ముచ్చటకూ ఒక పద్దు

మన ఇళ్ళలో డబ్బు ఖర్చును రెండు ఖాతాల్లోనే వేస్తాం: అవసరం, దుబారా. అవసరమైతే అప్పయినా చేస్తాం. దుబారా అయితే రూపాయి తియ్యకూడదంటాం. మనిషన్నాక ముచ్చట కూడా ఉంటుంది కదా, దానికి మాత్రం ఎక్కడా చోటు పెట్టం. చోటు లేని ముచ్చట ఊరుకోదు. పెట్టుబడి అనే పేరు పెట్టుకుని వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి వస్తుంది. "రేపు రెట్టింపు ధర పలుకుతుంది" అనుకుంటూ కొన్న స్థలాలు, నగలు, పాత బండ్లు ఎన్ని కుటుంబాల నడ్డి విరిచాయో మనందరికీ తెలుసు. ముచ్చటను ముచ్చటగానే ఒప్పుకుని, దానికి విడిగా ఒక పద్దు తెరిస్తే అది ఇంటిని ముంచదని నా అనుభవం. ఆ పద్దునే ఇక్కడ విప్పి చెబుతున్నాను.

నా ముచ్చట ఒక కారు. పేరు ఎం.జి.బి. రోడ్‌స్టర్, 1971లో తయారైంది. ఇంగ్లండ్‌లో డాక్టరుగా పనిచేస్తుండగా 2004లో కొన్నాను. ఉద్యోగం విరమించి మా ఊరు తిరువూరు వచ్చేసే ముందు, 2023లో అమ్మాను.

ఎం.జి. అనగానే ఇప్పుడు మనవాళ్ళకు 2019లో ఇక్కడికొచ్చిన హెక్టర్ గుర్తొస్తుంది. నేను చెప్పేది ఆ పేరుకు అసలు వారసత్వం తెచ్చిన కారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962లో మొదలై, 1980లో ఆ ఫ్యాక్టరీ మూతపడేదాకా తయారైంది. పైకప్పున్న జి.టి. రకంతో కలిపి 5 లక్షలకు పైగా చేశారు. రోడ్‌స్టర్‌కు రెండే సీట్లు. గుడ్డ టాపును మడిచి వెనక్కి పెట్టేస్తే ఆకాశమే కప్పు. ఇంజను 1,798 సీసీ. బీఎంసీ అనే బ్రిటిష్ కార్ల కంపెనీ వాళ్ళ బి-సిరీస్ ఇంజన్లలో ఒకటి. మన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి నడిచిన 1,489 సీసీ పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబంలోదే. మొదటిసారి బానెట్ ఎత్తి చూసినప్పుడు నాకది పరాయి యంత్రంలా అనిపించలేదు. చిన్నప్పుడు విజయవాడ ఆసుపత్రికి వెళ్ళాలంటే మేం ఎక్కిన అంబాసిడర్ ఇంజనుకు అన్నగారిలా ఉంది.

కొనేటప్పుడు చూసింది

అప్పుడు నా ముందు రెండు కార్లున్నాయి. ఒకటి 19,000 మైళ్ళే తిరిగింది. చాలా ఏళ్ళు షెడ్డులో కప్పి ఉంచారు. రెండోది 38,000 మైళ్ళు తిరిగింది. 33 ఏళ్ళ కారుకు అదీ తక్కువే. మొదటిదానికంటే 700 పౌండ్లు ఎక్కువ చెప్పారు. నేను రెండోదాన్నే 6,500 పౌండ్లకు తీసుకున్నాను.

తక్కువ తిరిగిన బండి, బాగా చూసుకున్న బండి ఒకటి కాదు. కదలకుండా నిలబడ్డ కారులో బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. పెట్రోలు జిగురుగా మారి కార్బురేటర్లో పేరుకుంటుంది. రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. టైర్లు అరగకపోయినా వయసుకే పగుళ్ళిస్తాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం తెప్పించిన పసుపురంగు రోల్స్ రాయిస్ ఉంది. నూరేళ్ళు దాటిన ఆ బండి తిరిగింది కొన్ని వందల మైళ్ళే. దాని విలువ నవాబుల చరిత్ర నుంచి వచ్చింది. లక్షల్లో తయారైన మామూలు కారుకు అలాంటి చరిత్ర ఉండదు. దాని విలువంతా దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారన్న దాంట్లోనే ఉంటుంది.

ఎం.జి.బి.కి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు కూడా లేదు కనుక తలుపుల కింద నిడివిగా ఉండే రేకు పెట్టెలే దానికి వెన్నెముక. అక్కడ తుప్పు పడితే కారు మధ్యలోకి కుంగుతుంది, తలుపు సరిగ్గా పడదు. నాతో వచ్చిన స్నేహితుడు ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి ఆ రేకు పొడవునా జరుపుతూ పోయాడు. మొదటి కారుకు వెనక చక్రం ముందర జానెడు మేర అయస్కాంతం అంటలేదు, జారి కింద పడింది. అంటే పైన మెరుస్తున్నది రంగు, దాని కింద ఉన్నది లప్పం. రెండో కారుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా అంటుకునే ఉంది. దానితోపాటు లావుపాటి ఫైలొకటి ఇచ్చారు: ఏటేటా మార్చిన ఆయిలు, బ్రేకు పైపులు, తనిఖీ పత్రాలు, వాటిపై తేదీలు, మీటరు అంకెలు. అంకెలన్నీ వరసగా పెరుగుతూ పోయాయి. నేను అదనంగా ఇచ్చిన 700 పౌండ్లు ఆ ఫైలుకే ఇచ్చాననుకున్నాను. ఇప్పటికీ అదే మాటంటాను.

ఆ డబ్బు ఎక్కడిదన్నది ఇంకా ముఖ్యం. ఇంటి అప్పు వాయిదా, పింఛను జమ, తిరువూరులో అమ్మానాన్నల వైద్యానికి దాచింది, వీటిలో దేన్నీ ముట్టుకోలేదు. అదనపు రాత్రి డ్యూటీలకు వచ్చిన డబ్బును విడి ఖాతాలో వేసి, అది నిండాకే కారు కోసం చూశాను. అప్పు చేసి కొన్న ముచ్చట వాయిదా కట్టే రోజున భారమవుతుంది. అలా కాకూడదనుకున్నాను.

పద్దు చెప్పిన నిజం

కారు కొన్న రోజే ఒక పుస్తకంలో దానికి పద్దు తెరిచాను. సగటున ఏడాదికి బీమా 150 పౌండ్లు, గరాజ్ అద్దె 480, సర్వీసు, విడిభాగాలు 450, పాత కార్ల క్లబ్బు చందా 40. మొత్తం 1,120. ఇవి కాక మధ్యలో ఒకసారి తలుపుల కింది రేకులు మార్పించి, కొత్త టాపు వేయించినందుకు 3,200. పంతొమ్మిదేళ్ళకు కొన్న ధరతో కలిపి దాదాపు 31,000 పౌండ్లు అయింది. అమ్మితే 12,000 వచ్చింది. నికరంగా నాకైన ఖర్చు 19,000, అంటే ఏడాదికి వెయ్యి. పెట్రోలు వేరు.

"6,500కు కొని 12,000కు అమ్మావు, దాదాపు రెట్టింపు!" అని సంబరపడ్డవాళ్ళున్నారు. ఆ లెక్క నిలవదు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో ధరలే ఒకటిన్నర రెట్లు దాటి పెరిగాయి. ఆ 6,500ను ఏటా 5 శాతం చక్రవడ్డీ వచ్చేచోట పెట్టి, ఏటా అయిన 1,120 కూడా అక్కడే వేస్తూ పోయి ఉంటే చేతికి 50,000 పౌండ్లు దాటి వచ్చేది. పాత కారును పెట్టుబడి అనేవారు ఈ రెండో లెక్క ఎప్పుడూ చెప్పరు. బంగారాన్ని బీరువాలో పెడితే అది తిండి అడగదు. కారు ప్రతి నెలా అడుగుతుంది.

మరి ఎందుకు ఉంచుకున్నాను? నెలకు 80 పౌండ్ల చిల్లర ఖర్చుతో నేను కోరుకున్నది దొరికింది కాబట్టి. ఆసుపత్రిలో కష్టమైన వారం గడిచాక, ఆదివారం పొద్దున టాపు దించి పల్లెదారుల్లో వెళ్తుంటే తడిసిన గడ్డి వాసన ముఖానికి తగిలేది. వార్డు మనసులోంచి దిగిపోయేది. ఆ ఖర్చుకు వచ్చిన రాబడి అదే, అది నాకు చాలింది. అందుకే ఆ 50,000 గురించి నాకు చింత లేదు. ఆ పద్దు తెలిసే పెట్టాను, హద్దు దాటకుండా పెట్టాను.

ఖర్చు అదుపులో ఉండడానికి అక్కడి ఏర్పాట్లు కూడా సాయపడ్డాయి. 40 ఏళ్ళు దాటిన కార్లకు అక్కడ రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయని అలాంటి కార్లకు 2018 మే నుంచి ఏటేటా తప్పనిసరి తనిఖీ కూడా తీసేశారు. తనిఖీ అవసరం లేకపోయినా నేను ఏటా చేయించాను. నా ప్రాణానికీ మంచిది, ఫైలులో ఇంకో కాగితమూ చేరుతుంది. బీమా కూడా మామూలు తరుగు లెక్కన కాకుండా, ముందే ఒప్పుకున్న విలువకు తీసుకున్నాను. పాత కారుకు ఈ తేడా చాలా పెద్దది.

ఎందుకు తేలేదు, ఎలా అమ్మాను

తిరిగి వచ్చేస్తున్నానని తెలిసి తమ్ముడు ఫోన్లో ఒకటే పట్టు పట్టాడు. "అక్కా, దాన్నిక్కడికే తెచ్చెయ్యరాదూ? స్టీరింగ్ కూడా మనవైపే కదా. నువ్వు దాంట్లో తోటకెళ్తుంటే చూడాలనుంది." ప్రేమతో అన్నమాట. కానీ లెక్క ఒప్పుకోలేదు. అప్పటికి 1950కి ముందు తయారైన కార్ల దిగుమతికే వెసులుబాటు ఉండేది. నాది 1971ది. దారి దొరికినా సుంకాలు బండి ధరను మించిపోయేవి. ఇక మన ఎండలు. మేలో తిరువూరు రోడ్డు మీద ఏసీ లేని, గుడ్డ టాపు కారు నడపడం మనిషికీ, ఇంజనుకూ పరీక్షే. ఛత్తీస్‌గఢ్ వైపు పోయే లారీలతో నిండిన 30వ నంబరు జాతీయ రహదారి మీద, నేలకు అంత దగ్గరగా కూర్చుని ఎక్కడికి వెళ్తాను? పైగా మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఆ కాలపు రబ్బరు పైపులు, సీళ్ళు దాన్ని తట్టుకోలేవు. ఇష్టమైన వస్తువును అది నలిగిపోయే చోటికి తేవడం ప్రేమ కాదనిపించింది.

డీలరు 9,500 ఇస్తానన్నాడు. నేను క్లబ్బు పత్రికలో ప్రకటన ఇచ్చి ఎదురుచూశాను. అమ్మే ముందు బ్రేకులు, టైర్లు బాగుచేయించాను కానీ కొత్త రంగు జోలికి పోలేదు. అమ్మకానికి ముందు తాజా రంగు కనిపిస్తే, కింద ఏం కప్పారోనని కొనేవారికి అనుమానం వస్తుంది, రావాలి కూడా. కొన్నాయన వచ్చి ముందు కారు దగ్గరికి పోలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తిప్పాడు. ఆ తర్వాత కారు చూసి 12,000కు ఒప్పుకున్నాడు. డీలరు ధరకు మించి వచ్చిన 2,500 ఓపికకూ, దాచిన కాగితాలకూ దక్కిన ఫలం.

కొన్న ధరకు మించి వచ్చినదానిపై పన్ను పడలేదు. అక్కడ సొంత కార్ల అమ్మకానికి మూలధన లాభాల పన్ను లేదు. నేను అమ్మేనాటికి అమల్లో ఉన్న మన 1961 ఆదాయపు పన్ను చట్టంలోనూ సెక్షన్ 2(14) ప్రకారం సొంతానికి వాడుకునే కారు మూలధన ఆస్తి కాదు. అయితే నష్టం వచ్చినా దాన్ని ఇంకో లాభంలో తగ్గించుకునే వీలుండదు. నగలకు, చిత్రపటాలకు ఈ మినహాయింపు లేదు.

వచ్చిన డబ్బులో కొంత మామిడితోటకు డ్రిప్పు వేయించడానికి పెట్టాను. మిగతాది రెండు బ్యాంకుల్లో డిపాజిట్ చేశాను. ఒక బ్యాంకులో ఒకరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే బీమా ఉంటుంది కాబట్టి రెండుచోట్ల పెట్టాను.

ఇక్కడ కొనాలనుకునేవారికి

ఈ మధ్య మా మేనల్లుడు విజయవాడలో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ చూసొచ్చాడు. ట్రయంఫ్ హెరాల్డ్‌ను మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ కంపెనీ తయారుచేసిన రూపం అది. "అత్తా, చాలా తక్కువ తిరిగిందంట. పైకప్పు కోయించి ఓపెన్ కారు చేశారు, భలే ఉంది" అన్నాడు. వాణ్ణి ఆపాలని నాకు లేదు. కానీ కాగితాలు ముందు పెట్టాను.

50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. నంబరులో 'వీఏ' అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, పునరుద్ధరణకు 5,000. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పైకప్పు కోసిన రోజే ఆ హెరాల్డ్ ఆ అర్హత పోగొట్టుకుంది. అర్హత ఉన్న బండిని కూడా ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పకూడదు. మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచుకుంటే, 20 ఏళ్ళు దాటిన కార్ల పునరుద్ధరణ రుసుము 2025 ఆగస్టులో 10,000 అయింది. ఆర్‌సీలో ఉన్న రూపానికి, బండి రూపానికి తేడా ఉంటే అక్కడా చిక్కే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దాన్ని ఒప్పుకోదు. ఆటోనగర్‌లో టింకరింగ్ ఎంత బాగా చేసినా ఈ లోటు పూడదు.

వాడు ఆ బండి వదిలి, కప్పు కోయనిది వెతుకుతున్నాడు. నేను సంతోషించాను. అమ్మేవారి మాట కాక ఆర్‌సీ, బిల్లులు చూసి కొనమన్నాను. కొన్న ధరతోపాటు పదేళ్ళు ఉంచుకునే ఖర్చు కూడా రాసి, అది జీతంలోంచి ఇబ్బంది లేకుండా వెళ్తుందో లేదో చూసుకోమన్నాను. పిల్లల చదువుకో, పెద్దల వైద్యానికో పేరు రాసిన డబ్బును ముట్టుకోవద్దన్నాను. రేపు సగం ధరకే పోయినా బాధపడనని ఈ రోజే చెప్పగలిగితే కొనుక్కోమన్నాను. సంపాదించిన దాంట్లో కొంత మన మనసుకు ఖర్చుపెట్టుకునే హక్కు మనకుంది. ఆ హక్కును లెక్క రాసి వాడుకుంటే ఇంట్లో ఎవరి ముందూ తల దించుకోవాల్సిన పని ఉండదు.