ముప్ఫై ఒకటో సీటు

కార్తీకమాసం వచ్చిందంటే మా వారి తరఫు వాళ్ళమంతా కలిసి వనభోజనాలు చేసుకోవడం ఎప్పటినుంచో అలవాటు. ఏటా భీమవరం చుట్టుపక్కల ఏదో ఒక తోటలో కానిచ్చేవాళ్ళం. కిందటేడు మా తోటికోడలు, "ఈసారి అంతర్వేది వెళ్దామక్కా. స్వామి దర్శనం చేసుకుని, సముద్రం చూసుకుని, వచ్చేటప్పుడు దిండి దగ్గర మా అన్నయ్యగారి కొబ్బరితోటలో భోజనాలు పెట్టుకుందాం" అంది. అందరూ ఓ అన్నారు. బస్సు మాట్లాడే పని మాత్రం నా మీద పడింది. ఇంట్లో ఉండేదాన్ని కదా, నాకేం పనుంటుందని వాళ్ళ ఉద్దేశం!

పేర్లు రాస్తే పిల్లలతో కలిపి 31 తేలారు. అత్తయ్యగారు మాత్రం, "నేను రానమ్మాయ్. మీరెళ్ళి రండి. నేనెరగని అంతర్వేదా?" అన్నారు. ఆవిడ పుట్టిల్లు మలికిపురం పక్కన పల్లెటూరు. అన్నగారు పోయాక ఆ వైపు వెళ్ళనేలేదు. అందుకే మనసొప్పడం లేదనుకున్నాను. పేరు కొట్టేసి 30 అని రాసుకున్నాను.

ఇక బస్సు వేట. మొదట ఒకాయన 49 సీట్ల పెద్ద బస్సు చవగ్గా ఇస్తానన్నాడు. గిన్నెలూ, సామానూ పెట్టుకోవడానికి చోటుంటుందని మా వారు సంబరపడ్డారు. తోటికోడలి అన్నయ్యకి ఫోన్ చేస్తే ఆయన గొల్లున నవ్వారు. "పెద్ద రోడ్డు మీద బాగానే వస్తుందమ్మా. మా తోటకి రావాలంటే కాలవగట్టు ఎక్కాలి. ఎదురుగా ట్రాక్టరొస్తే మీ బస్సు ఎంత దూరం వెనక్కి పోవాలో! పైన కరెంటు తీగలు, కొబ్బరాకులు. చిన్న బస్సు తెచ్చుకోండి" అన్నారు. అలా 35 సీట్ల మినీ బస్సుకి దిగాం.

నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటితే సఖినేటిపల్లి రేవు, అక్కణ్ణుంచి అంతర్వేది దగ్గరే. పిల్లలకి పంటెక్కాలని ఒకటే సరదా. బస్సాయన మాత్రం, "నా బండి పంటెక్కించనండీ" అని తెగేసి చెప్పాడు. దాంతో పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండి, మలికిపురం, అంతర్వేది అని దారి ఖాయం చేశాం.

ఈ బేరాల్లో నేను నేర్చుకున్నవి చెబుతాను, మీకూ పనికొస్తాయి. కిలోమీటర్లు మనం ఎక్కిన దగ్గర్నుంచి కాదు, బస్సు వాళ్ళ షెడ్డులో బయల్దేరిన దగ్గర్నుంచి మళ్ళీ షెడ్డు చేరేదాకా లెక్కేస్తారు. డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు అందులో కలిశాయో లేదో ముందే అడగాలి. రోజుకి ఇన్ని గంటలని పెట్టి, దాటితే వేరే డబ్బు అడిగేవాళ్ళూ ఉన్నారు. మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, డ్రైవరు ముందురోజు రాత్రి పెళ్ళి ట్రిప్పు వేస్తున్నాడేమో కనుక్కోవాలి. కార్తీకంలో ముహూర్తాలుంటాయి. రాత్రంతా నడిపి తెల్లారుజామున మన ఇంటి ముందుకొచ్చేవాడి చేతిలో ఇంటిల్లిపాదినీ ఎలా పెడతాం? మొదట మాట్లాడుకున్న ఆయన దగ్గర అదే జరగబోతోందని తెలిసి అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాం.

అంతా కుదిరాక ఒక సాయంత్రం వంటింట్లో కూర్చుని, ఎక్కడ ఎన్నింటికి ఆగాలో రాస్తున్నాను. అత్తయ్యగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "బస్సు ఎక్కడెక్కడ ఆపుతారమ్మాయ్?" అన్నారు. ఆ మాట అడగడం అది మూడోసారి. రెండుసార్లూ నేను గుడి, సముద్రం, తోట అని ఏకరువు పెట్టాను. ఈసారి ఎందుకో పెన్ను పక్కన పెట్టి ఆవిడ మొహం చూశాను.

"ఎందుకత్తయ్యా?"

కాసేపు చిక్కుడుకాయలే చూస్తూ ఉండిపోయారు. "షుగరొచ్చాక ఎక్కువసేపు ఆగలేకపోతున్నానే. మొన్న ద్వారకా తిరుమల ప్రయాణంలో రోడ్డు పక్కన ఆపారు. మగాళ్ళంతా దిగారు. నేనెక్కడికి దిగను? ముందురోజు రాత్రి నుంచీ నీళ్ళు మానేసి కూర్చున్నా. ఇంటికొచ్చాక మూడు రోజులు జ్వరం. మీ మావయ్యగారితో కూడా చెప్పలేదు."

నాకు నోట మాట రాలేదు. ఆ జ్వరానికి నేనే మాత్రలిచ్చాను, ఎండ తగిలిందనుకుని. ఇంకా సిగ్గనిపించిన సంగతేమిటంటే, ప్రయాణమంటే నీళ్ళు తగ్గించేయడం నేనూ చేస్తాను. మా అమ్మాయి చేత కూడా చేయిస్తాను. బయల్దేరేముందు "ఎక్కువ తాగకు" అని నేనే చెబుతాను. ఎందుకు చెబుతున్నానో ఏనాడూ ఆలోచించలేదు. సీట్లు లెక్కపెట్టాను, ఇడ్లీలు లెక్కపెట్టాను, ఇది మాత్రం లెక్కలోకే రాలేదు.

కాగితం చింపేసి మళ్ళీ రాశాను. భీమవరంలో ఆరింటికి బయల్దేరి పాలకొల్లులో మా పిన్నిగారింట్లో కాఫీ. అక్కణ్ణుంచి మలికిపురంలో తోటికోడలి అన్నయ్యగారిల్లు. గుడి దగ్గర ఎలా ఉంటుందో ఆయన్నే ముందుగా వెళ్ళి చూసి రమ్మన్నాను. తోటలో మోటారు షెడ్డు పక్కన మరుగుదొడ్డి ఉందట, కడిగించి నీళ్ళు పెట్టిస్తానన్నారు. పెట్రోలు బంకుల్లో అడిగితే కాదనరు కాబట్టి దారిలో రెండు బంకులు గుర్తుపెట్టుకున్నాను. డ్రైవరుకి ముందే చెప్పాను, "ఆడవాళ్ళు అడిగితే ఆపాలి బాబూ, ఎందుకని అడక్కూడదు" అని. "మా అమ్మా అంతేనండీ, చెప్పదు" అన్నాడు.

బస్సు మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుందని వంటింటి పీట ఒకటి పట్టుకెళ్ళాం. ముందు సీటు నాదంటే నాదని కొట్టుకుంటున్న పిల్లల్ని వెనక్కి పంపి అత్తయ్యగార్ని కూర్చోబెట్టాను. ఆ పీట మీద కాలు పెట్టి మిగతా పెద్దవాళ్ళు నలుగురూ ఎక్కారు. వాళ్ళూ ఇన్నాళ్ళూ మోకాళ్ళ సంగతి పైకి చెప్పలేదు మరి.

చించినాడ వంతెన మీదకి రాగానే అత్తయ్యగారు కిటికీ తెరిచారు. "నా పెళ్ళైన కొత్తలో ఇది లేదే. పడవ మీదే దాటేవాళ్ళం. అన్నయ్య గట్టు దాకా వచ్చి దింపేవాడు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ నీళ్ళ సీసా ఇలా అందుకో" అన్నారు. ఎత్తి గడగడా తాగేశారు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు లెండి. అంతర్వేదిలో బస్సు దూరంగా ఆపాల్సొచ్చింది, పులిహోర గిన్నె ఒకటి ఒలికింది, తోటకి చేరేసరికి మధ్యాహ్నం మూడు. కానీ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా ఆటోలో తీసుకెళ్తే, అత్తయ్యగారు కొంగు భుజం చుట్టూ కప్పుకుని చాలాసేపు నిలబడిపోయారు. ఎవరం పలకరించలేదు.

ఈ ఏడు కార్తీకం ఇంకా రెండు నెలలుంది. నిన్న పొద్దున్నే అత్తయ్యగారు, "బస్సు మాట్లాడావా అమ్మాయ్? ఆ పీట మర్చిపోకు" అన్నారు.

మీ ఇంట్లో కూడా "నేను రాను, మీరెళ్ళి రండి" అనేవాళ్ళుంటే, పేరు కొట్టేసేముందు ఒక్కసారి పక్కన కూర్చుని ఎందుకో అడగండి.