జియా సరాయ్ గదికి అండమాన్ గాలి

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.కి కూతవేటు దూరంలో జియా సరాయ్ అనే పాత గ్రామం ఉన్నది. సరాయ్ అంటే బాటసారుల విడిది. బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్ అన్నీ ఆ పరిసరాలలోనివే. ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షలకు చదువుకున్న తెలుగు పిల్లలు ఎందరికో ఈ పేర్లు చిరపరిచితాలు. నేటి బాటసారులు వారే. 1908లో రెవెన్యూ వారు ఢిల్లీ గ్రామాల నివాస స్థలాల చుట్టూ పటంపై ఎర్ర గీత గీశారు. దానినే లాల్ డోరా అంటారు. ఆ గీత లోపలి కట్టడాలకు 1963లో భవన నిర్మాణ నిబంధనల నుండి మినహాయింపు లభించినది. ఫలితం కన్నులకు కట్టినట్లు కనిపిస్తుంది: గోడకు గోడ ఆనించి ఆకాశానికి ఎగబ్రాకిన ఇళ్ళు, వాటి మధ్య స్కూటరు మాత్రమే పట్టే సందులు.

ఢిల్లీకి బదిలీ అయిన పిదప మేము అద్దెకు తీసుకొన్నది అటువంటి ఒక ఇంటి రెండవ అంతస్తు. వీధివైపు గదికి దక్షిణాన ఒక కిటికీ ఉన్నది. లోపలి గదికి వెనుక గోడలో, నాలుగిళ్ళ నడుమ మిగిలిన గొట్టంలాంటి ఖాళీలోకి తెరచుకొనే చిన్న వెంటిలేటరు తప్ప మరేమీ లేదు. ఆ గది మా అమ్మగారిది. ఆమెకు ఎనుబది దాటినవి. కోనసీమలో మండువా లోగిలిలో పుట్టి, వాన పడితే ఇంటి నడుమ నీళ్ళు చూస్తూ పెరిగిన మనిషి. మధ్యాహ్నం నిద్ర లేచి, "ఒరే అబ్బాయీ, ఇది పగలా, రాత్రా?" అని అడిగేవారు. మొదట మేము నవ్వేవారము. కొంతకాలానికి ఆమెకు నిజంగానే పూటలు తెలియడం లేదని, రాత్రులు మేలుకొని పగలు నిద్రపోతున్నారని గ్రహించాము. ఆపై ఎవరమూ నవ్వలేదు.

2024 జనవరిలో అమ్మగారిని మా చెల్లెలింట ఉంచి, ఎల్.టి.సి.పై అండమాన్ వెళ్ళాము. పోర్ట్ బ్లెయిర్‌కు అదే సంవత్సరం సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారినది. మేము వెళ్ళేనాటికి పాత పేరే. అక్కడి కొత్త విమానాశ్రయ భవనం 2023లో ప్రారంభమైనది. దాని పైకప్పు గవ్వ ఆకారం. దిగగానే మా శ్రీమతి తల పైకెత్తి, "ఏమండీ, వెలుతురు పైనుండి దిగుతోంది చూడండి" అన్నది. ఇల్లు అలంకరించుకోవడానికి ఆలోచనలు వెదకాలని సంకల్పించుకొని వచ్చినది ఆమె. నేను సముద్రం చూడవచ్చినవాడిని.

సెల్యులర్ జైలు గురించి మన పత్రికలో వేరుగా వ్రాయవలసినంత ఉన్నది గనుక ఇక్కడ వదలుతున్నాను. చాథమ్ రంపపు మిల్లు మాత్రం మన వృత్తివారు చూచి తీరవలసినది. 1883లో బ్రిటిష్ వారు ఒక చిన్న దీవిపై నెలకొల్పినారు. 1942లో జపాను వారి బాంబు పడిన గుంటను నేటికీ చూపిస్తారు. అక్కడి ప్రదర్శనశాలలో పడౌక్ కలపతో చేసిన వస్తువులు ఉన్నవి. ఎర్రని ఛాయ, అలలవంటి చారలు. మన శేషాచలం అడవుల ఎర్రచందనానికి అది వృక్షశాస్త్రరీత్యా దాయాది. ఒక మంచానికి సరిపడా పలకలు తీసుకొనిపోదామని మా శ్రీమతి ఉబలాటపడినది. కాని దీవులలో చెట్ల నరికివేతను కట్టడి చేస్తూ, కలపను బయటికి తరలించరాదని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినది. పగడపు కొమ్మల విషయమూ అంతే. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి. ఒడ్డున దొరికిన ముక్కనైనా సంచిలో వేసుకోరాదు. ఆ విధంగా మా సామాను బరువు తగ్గినది.

అసలు విషయం జంగ్లీఘాట్‌లో తటస్థించినది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. తీరాంధ్ర నుండి చేపలవేటకు వచ్చి స్థిరపడినవారి కుటుంబాలు అందులో అనేకం. మా సహోద్యోగి బంధువులు, శ్రీకాకుళం వైపువారు, భోజనానికి పిలిచినారు. పాతకాలపు చెక్క ఇల్లు, రేకుల కప్పు. వారి వంజరం చేపల పులుసు రుచి చెప్పడం మొదలుపెడితే వ్యాసం దారి తప్పుతుంది. నేను తల ఎత్తి చూస్తూ ఉండిపోయినది ఆ ఇంటి అడ్డుగోడలను. ఏ గోడా కప్పును తాకదు. రెండడుగుల కింద ఆగిపోయి, ఆపైన చెక్క జాలీ ఉన్నది. ముందుగదిలో వీచిన గాలి ఇల్లంతా తిరిగి పెరటివైపు పోతున్నది. వేడిగాలి తేలిక గనుక పైకి చేరుతుంది. దానికి పైననే దారి ఇవ్వాలి. చిన్న తరగతిలో చదివినదే, కాని ఆ ఇల్లు కట్టిన వడ్రంగి ఏ తరగతిలోనూ చదివి ఉండడు.

మరునాడు మానవశాస్త్ర ప్రదర్శనశాలలో నికోబారీల గుండ్రని గుడిసె నమూనా చూశాము. తేనెతుట్టెవంటి గడ్డి కప్పు, స్తంభాలపై ఎత్తున నిలిపిన నేల. నేల బద్దల సందులలోనుండి గాలి కిందినుండి పైకి వస్తుంది. 2004 సునామీ అటువంటి ఊళ్ళను తుడిచిపెట్టినది. తరువాత వారికి రేకుల కప్పు ఇళ్ళు కట్టించినారు. ఎండకు రేకు ఎట్లా కాలుతుందో మన కర్మాగారాల షెడ్లలో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు.

తిరిగివచ్చిన పిదప ఆలోచించినాను. దీవి పద్ధతి ఢిల్లీకి యథాతథంగా నప్పదు. అక్కడ ఏడాది పొడవునా చెమట, సముద్రపు గాలి. ఇక్కడ మే, జూన్ నెలలలో పగటివేళ కిటికీ తెరిస్తే లూ అనే వడగాలి ఇంటిని కొలిమి చేస్తుంది. ఉదయం తొమ్మిదికి మూసి, రాత్రి తెరవాలి. నవంబరులో పొగకు మూయక తప్పదు. కాని జులై, ఆగస్టు నెలల ఉక్కపోతలో కూలరు కూడ పనిచేయదు, గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక. అప్పుడు జంగ్లీఘాట్ సూత్రమే శరణ్యం.

రెండు గదుల మధ్య గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. భవనం బరువు స్తంభాలది, దూలాలది. గోడ మోసేది తన బరువునే. ఇది ఇంటి యజమానికి నమ్మకం కలిగించడానికి రెండు వారాలు, మూడు కాగితాల మీద బొమ్మలు, చాలా టీ ఖర్చయినవి. చివరకు ఒప్పుకొన్నారు. పైన రెండడుగులు తొలగించి, మిగిలిన గోడ అంచుకు సన్నని కాంక్రీటు పట్టీ వేయించి, ఖాళీలో ఢిల్లీలోనే కొన్న పేము అల్లిక బిగించాము. కప్పుకు తెల్ల సున్నం. వెంటిలేటరుకు చిన్న ఎగ్జాస్టు ఫ్యాను. మా శ్రీమతి కోరిన సముద్రపు నీలిరంగు ఒక్క గోడకే, అదీ వెలుతురు పడని గోడకు. ఈ విషయమై మా మధ్య కొంత చర్చ జరిగినది.

ఇప్పుడు అమ్మగారి గదిలో ఉదయం తొమ్మిది నుండి మూడు వరకు దీపం అవసరం లేదు. అల్లిక నీడ కప్పు మీద జరుగుతుంటే చూచి వేళ చెబుతారు. పది నిముషాలకు మించి తేడా రాదు. ఒక ఇబ్బంది మాత్రం ఉన్నది. టి.వి. మాటలన్నీ ఆమెకు వినబడతాయి, మేము మెల్లగా మాట్లాడుకొనే మాటలు కూడ.

గత నెలలో ఎదురింటి ముందు ఇటుకలు దిగినవి. మా సందు వెడల్పు రెండున్నర మీటర్లు. డిసెంబరు మధ్యాహ్నం ఢిల్లీలో సూర్యుడు సుమారు 38 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే ఎదురిల్లు మా కిటికీ పై అంచుకన్న సుమారు రెండు మీటర్లు మించితే శీతకాలపు ఎండ లోపలికి రాదు. ప్రస్తుతం ఒక మీటరు మించి ఉన్నది. ఒక అంతస్తు లేస్తే మరి మూడు మీటర్లు. లెక్క కాగితం జేబులో పెట్టుకొని ఎదురింటి పెద్దమనిషిని రెండుసార్లు కలిశాను. సాదరంగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, కొడుకు పెళ్ళి కుదిరినదని చెప్పినారు. పై అంతస్తు వెనుకవైపు జరిపి కట్టవచ్చునని బొమ్మ గీసి చూపినాను. ఆయన దానిని మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచుకొన్నారు. ఈ ఆదివారం వారి మేస్త్రీ వస్తాడట. నన్ను కూడ రమ్మన్నారు.